అన్న అమెరికాలో ఉంటే చెల్లెలి కొలువు ఎందుకు ఆగాలి?

నిజామాబాద్ జిల్లాలో విదేశంలో ఒక్క చుట్టం కూడా లేని ఇల్లు చూపించమంటే కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ వైపు పల్లెల్లో దుబాయి, మస్కట్, కువైట్ అంటే పక్క మండలం పేరు చెప్పినంత మామూలు. టౌనులో వినాయక్‌నగర్, సుభాష్‌నగర్ వీధుల్లో ముసలివాళ్లిద్దరే ఉండే ఇళ్లు ఎన్నో. వాళ్ల పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగినవాళ్లు కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి పాత ముస్లిం కుటుంబాల్లో కొందరికి కరాచీలో మేనత్తలు, చిన్నతాతలు ఉన్నారు.

ఇలాంటి జిల్లాలో ఒక అమ్మాయి రక్షణ శాఖ కొలువుకు ఎంపికైతే, "మీవాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారు?" అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్న అడగొద్దని నేను అనడం లేదు. దేశ రహస్యాలు చేతికిచ్చే ముందు ఆ మనిషి ఎవరో, ఇల్లెలాంటిదో తెలుసుకోవాల్సిందే. నా తగాదా అంతా అడిగిన తర్వాత జరిగేదాంతోనే. మనం నిజం రాసి ఇస్తాం. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు. అవునూ అనరు, కాదూ అనరు. ఆ మౌనంలో అన్న వల్ల చెల్లెలు చెడిపోయిందని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు. ఇది సరికాదు. మనిషిని చూసి తేల్చండి, దేశం పేరు చూసి కాదు. తేల్చింది గడువులోగా, కారణంతో సహా చెప్పండి. ఈ పోస్టులో నేను చెప్పదల్చుకున్నది ఇంతే. కానీ ఇంత చిన్న మాటకు ఎంత కథ ఉందో వినండి.

మా ఇంట్లో ఈ రెండేళ్లలో రెండు ఫారాలు నింపారు. ఒకటి మా అమ్మాయిది, ఒకటి మా అబ్బాయిది.

అమ్మాయిది కేంద్ర ప్రభుత్వ కొలువులకు ఇచ్చే అటెస్టేషన్ ఫారం. తల్లి, తండ్రి, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వీళ్లందరి పేర్లు, పుట్టిన ఊరు, వృత్తి, చిరునామా, జాతీయత రాయాలి. జాతీయత పుట్టుకతో వచ్చిందా, స్థిరపడటం వల్ల వచ్చిందా అని కూడా అడుగుతారు. కొడుకులు, కూతుళ్లు విదేశంలో చదువుతున్నా, ఉంటున్నా ఏ దేశం, ఏ తేదీ నుంచి అని రాయడానికి వేరే గడి. పూర్వం పాకిస్తాన్‌లో ఉండి వచ్చినవాళ్లయితే అక్కడి చిరునామా, వలస వచ్చిన తేదీ రాయడానికి ఇంకో గడి. అన్నిటికన్నా పైన ఒక హెచ్చరిక ఉంటుంది. అబద్ధం రాసినా, ఉన్న విషయం దాచినా కొలువుకు అనర్హులవుతారని.

అబ్బాయిది ఎస్ఎఫ్-86. అమెరికా ప్రభుత్వం సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వడానికి నింపించుకునే ఫారం, నూరు పేజీలు దాటుతుంది. మావాడు వర్జీనియాలో ఉంటాడు. కోడలు అక్కడే పుట్టిన పిల్ల కావడంతో వాడికి పౌరసత్వం తొందరగానే వచ్చింది. వాడి కంపెనీ ప్రభుత్వ పనులు చేస్తుంది, ఒక ప్రాజెక్టుకు క్లియరెన్స్ కావాలన్నారు. ఒకరోజు ఫోన్ చేసి నా పుట్టిన తేదీ, నా పుట్టిన ఊరు, ఈ ఇంటి నంబరు, నాతో ఎన్ని రోజులకొకసారి మాట్లాడతాడు, ఫోనా వాట్సాపా, అన్నీ రాసుకున్నాడు. విదేశంలో ఉండే తల్లిదండ్రులకు ఏ విదేశీ ప్రభుత్వంతోనైనా సంబంధం ఉందా అని అందులో ప్రశ్న. మా ఆయన నీటిపారుదల శాఖలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. మనకు ఆయన పింఛను కోసం ట్రెజరీ చుట్టూ తిరిగిన మామూలు మనిషి. అమెరికా లెక్కలో ఆయన విదేశీ ప్రభుత్వ మాజీ ఉద్యోగి!

అంటే చూడండి. మా అమ్మాయి ఫారంలో అన్న విదేశీయుడు. మా అబ్బాయి ఫారంలో అమ్మ, నాన్న, చెల్లెలు ముగ్గురూ విదేశీయులు. రేపు చెల్లెలికి రక్షణ కొలువు వస్తే, ఆ సంగతి కూడా అన్న ఫారంలో ఎక్కుతుంది. ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లలు ఒకరి ఫైల్లో ఒకరు ప్రశ్నార్థకం అయి కూర్చున్నారు.

ఇక ఇక్కడ నుంచి చుట్టాల సలహాలు మొదలు. మా ఆడపడుచు అన్నది కదా, "వదినా, అన్న పేరు రాయొద్దని చెప్పు బిడ్డకు. ఎవ్వడు చూస్తడు? అన్న లేడని రాస్తే ఒడుస్తది." ఇంకో పెద్దాయన ఇంకాస్త తెలివి చూపించాడు. "పేరు రాయి, అమెరికా పౌరుడని రాయకు. ఇండియన్ అనే రాయి, పుట్టింది ఇక్కడే కదా" అని.

ఈ సలహాలిచ్చేవాళ్లందరికీ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. విదేశంలో అన్న ఉండటం తప్పు కాదు. దాచడమే తప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం ఈ అటెస్టేషన్ ఫారాల గురించే వివరంగా తీర్పు చెప్పింది. అది పోలీసు కేసులు దాచినవాళ్ల సంగతే అయినా, అందులో సూత్రం అందరికీ పనికొస్తుంది. రాసేది నిజమై ఉండాలి, అడిగింది దాచకూడదు. అదే తీర్పులో మనవైపు మాట కూడా ఉంది. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, స్పష్టంగా అడగని విషయం చెప్పలేదని దాచినట్టు లెక్కగట్టకూడదు. అంటే బాధ్యత రెండువైపులా ఉందన్నమాట. అడిగేవాళ్లు సరిగ్గా అడగాలి, చెప్పేవాళ్లు సరిగ్గా చెప్పాలి.

అయినా ఈ రోజుల్లో అన్నను దాచడం అయ్యే పనేనా? పెళ్లి ఫోటోలు ఫేస్‌బుక్‌లో ఉన్నాయి. వాడు పంపిన డబ్బు బ్యాంకు లెక్కలో ఉంది. మా ఇద్దరి పాస్‌పోర్టుల మీద అమెరికా వీసా ముద్ర ఉంది. వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని అడిగినా చెప్తాడు మావాడు ఎక్కడున్నాడో. నిజం రాస్తే కొలువు రావచ్చు, రాకపోవచ్చు. అబద్ధం రాస్తే వచ్చిన కొలువు కూడా ఇరవై ఏళ్ల తర్వాతైనా పోవచ్చు. ఆ కత్తి కింద పిల్లను జీవితమంతా కూర్చోబెట్టే హక్కు ఏ మేనత్తకూ లేదు.

పెళ్లి సంబంధాలు చూసే తల్లులు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మన పేరయ్యలకు సముద్రం దాటినవాళ్లంతా ఎన్నారైలే. కానీ చట్టానికి అలా కాదు. భారతీయ పాస్‌పోర్టు ఉండి దుబాయిలోనో అమెరికాలోనో ఉంటున్నవాడు ఎన్నారై, వాడు మన పౌరుడే. తనంతట తాను అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు మన పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం భారత పౌరుడు కాకుండా పోతాడు. వాడి దగ్గర ఓసీఐ కార్డు ఉన్నా విదేశీయుడే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి విదేశీయుణ్ణి పెళ్లి చేసుకుంటే వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాలని 1964 నాటి ప్రవర్తన నియమావళిలో 21వ నియమం చెప్తుంది. అది నిషేధం కాదు, తెలియజేయమనడం. గవర్నమెంటు కొలువు ఉన్న అమ్మాయికి "అమెరికా సంబంధం" తెచ్చేముందు అబ్బాయి పాస్‌పోర్టు రంగు ఏమిటో అడగండి. కట్నకానుకల సంగతి ఎన్నిసార్లు అడుగుతారు, ఇది ఒక్కసారి అడిగితే పోయేదేముంది?

సరే, ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పుకుందాం. విదేశంలో బంధువు ఉంటే ప్రమాదం ఏమిటి? ప్రమాదం ఆ బంధువు చెడ్డవాడని కాదు. ఆ బంధువును అడ్డం పెట్టుకుని ఎవరైనా బెదిరించవచ్చు. "నీ తమ్ముడు మా దగ్గరే ఉన్నాడు, మేం అడిగింది ఇవ్వకపోతే..." అని. ఈ మాటలో నిజం ఉంది. పిల్లల కోసం తల్లి ఎంతకైనా తెగిస్తుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రభుత్వం ఆ ప్రేమనే బలహీనతగా చూస్తుంది, చూడాలి కూడా.

కానీ అలా చూసేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి కదా. ఆ దేశం మనుషుల్ని అలా బెదిరించే దేశమా? ఆ బంధువు ఏం పని చేస్తాడు? ఆ దేశపు ప్రభుత్వంలోనో సైన్యంలోనో ఉన్నాడా, పెట్రోలు బంకులో ఉన్నాడా? ఈ అమ్మాయి వేళ్లు ఎక్కడున్నాయి, ఇల్లు, అమ్మానాన్న, చదువు, స్నేహితులు అంతా ఇక్కడే కాదా? అమెరికావాళ్లు 2017 నుంచి అమలు చేస్తున్న నియమాల్లో పదమూడు అంశాలు ఉంటే, రెండోది అచ్చంగా ఈ విదేశీ ప్రభావం గురించే. అందులో ఇలాంటి ప్రశ్నలే రాసి పెట్టారు. బంధువు విదేశీ పౌరుడైనంత మాత్రాన అనర్హత రాదని కూడా వాళ్లే అంటారు. మళ్లీ సందేహం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గుతామనీ అంటారు. కఠినమే. అయినా ఏం చూస్తారో ముందే అచ్చువేసి చెప్పారు, ఎవరైనా చదువుకోవచ్చు.

ఆ నియమాల్లో ఒకటి చదివి మావాడు నన్ను అడిగిన మాట నా గుండెలో ఇప్పటికీ ముల్లులా ఉంది. విదేశీయులతో మాటామంతీ అరుదుగా, పైపైన ఉంటే ప్రమాదం తక్కువ అని ఉందట. "అమ్మా, కొన్నాళ్లు ఫోన్లు తగ్గించుకుందామా?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా లాభం లేదు. తల్లిదండ్రులతో, తోబుట్టువులతో ఉన్న బంధం పైపైది కాదనే అక్కడి జడ్జీలు మొదటినుంచీ భావిస్తారు. వారానికి నాలుగుసార్లు మాట్లాడినా తల్లే, నెలకొకసారి మాట్లాడినా తల్లే. ఏ దేశానికైనా నమ్మకస్తుడు కావాలంటే ముందు తల్లిని తల్లి అని రాయగలవాడై ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రహస్యాలు ఎక్కడి నుంచి కారిపోయాయి? మన తెలుగు నేల మీద జరిగినవే చూద్దాం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని పట్టుకున్నారు. సోషల్ మీడియాలో ఆడవాళ్ల పేర్లతో వల వేశారని చెప్పారు. 2022 జూన్‌లో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ఇంజినీరును అరెస్టు చేశారు. అక్కడా అదే ఆరోపణ. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడమనిషి పేరు వెనక శత్రు దేశపు గూఢచారి ఉందని. ఈ రెండు కేసుల్లోనూ పోలీసులు చెప్పిన దారి విదేశంలోని అక్క కాదు, అన్న కాదు. జేబులో ఫోను. అటెస్టేషన్ ఫారంలో అన్నదమ్ముల పేర్లకు గడి ఉంది గానీ అర్ధరాత్రి వచ్చే ఫ్రెండ్ రిక్వెస్టుకు గడి లేదు.

మా బోధన్ సంగతి ఇంకా విచిత్రం. 2021లో బోధన్ చిరునామాలు చూపించి బంగ్లాదేశ్‌వాళ్లు పదుల సంఖ్యలో భారతీయ పాస్‌పోర్టులు తీసుకున్న వ్యవహారం బయటపడింది. ఇంటికొచ్చి విచారించి సంతకం పెట్టాల్సిన పని స్పెషల్ బ్రాంచ్‌ది. ఆ కేసులో అరెస్టయినవాళ్లలో పోలీసులు కూడా ఉన్నారు. నిజంగా ఆ ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో చూడాల్సిన చోట చూడలేదన్న ఆరోపణ అది. ముప్ఫై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంటూ, నిజం రాసిచ్చిన కుటుంబం ఫైలు మాత్రం నెలల తరబడి కదలదు. దొంగకు తలుపు తెరిచి, ఇంటివాణ్ణి గడప బయట నిలబెట్టినట్టు లేదూ?

మా అమ్మాయి విషయంలోనూ ఒకాయన విచారణకు వచ్చారు. మర్యాదగా మాట్లాడారు, చాయ్ తాగారు, పక్కింటివాళ్లను అడిగారు, అబ్బాయి గురించి నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడిగారు. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆ తర్వాత పదకొండు నెలలు గడిచాయి. ఇక్కడ అడిగితే మేం పంపించేశాం అంటారు, అక్కడ అడిగితే ఇంకా రాలేదంటారు. కొన్ని కొలువుల్లో పోలీసు నివేదిక రాకముందే తాత్కాలికంగా చేర్చుకుంటారు. దీంట్లో అలా చేర్చుకోలేదు. అన్న వల్లే ఆగిందా? అలా అని ఎవరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఆ ఖాళీని చుట్టాలు నింపేశారు. "కొడుకు సిటిజన్‌షిప్ తీసుకోకుంటే బిడ్డ కొలువు ఎప్పుడో వస్తుండె" అని నా ముందే అన్నారు.

ఆడపిల్ల ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం అంటే ఏమిటో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు తెలుసా? వేరే ఉద్యోగంలో చేరదామంటే ఇది పిలుస్తుందేమో అన్న ఆశ. సంబంధాలు చూద్దామంటే "కొలువు ఖాయమేనా?" అని అవతలివాళ్ల ప్రశ్న. వేరే పరీక్షలకు వయసు దాటిపోతూ ఉంటుంది. వాళ్ల ఫైల్లో అది "పెండింగ్" అనే ఒక్క మాట. మా ఇంట్లో అది ఒక ఏడాది.

ఆలస్యం ఎంతదూరం పోగలదో తెలియాలంటే పశ్చిమ బెంగాల్ ఉద్యోగి బాసుదేవ్ దత్తా కేసు చూడండి. తండ్రి 1969లో తూర్పు పాకిస్తాన్ నుంచి వలస పత్రంతో వచ్చినవాడు. కొడుకు 1985లో కంటి ఆసుపత్రి సహాయకుడిగా కొలువులో చేరాడు. పోలీసు నివేదిక ఎప్పుడొచ్చిందంటారు? 2010లో! పాతికేళ్లు పనిచేశాక, రిటైర్మెంటు ముంగిట్లో, పనికిరావు పొమ్మన్నారు. 2024 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. నియామకం జరిగిన ఆరు నెలల్లోపు ఈ విచారణలు పూర్తిచేయాలని అన్ని రాష్ట్రాల పోలీసులకూ ఆదేశం ఇచ్చింది. మంచి మాట. కానీ నియామకమే ఇవ్వకుండా ఆపితే ఆ ఆరు నెలలు ఎప్పుడు మొదలైనట్టు? ఎంపికైన రోజు నుంచే లెక్క మొదలవ్వాలని నేనంటాను.

కారణం చెప్పడం సంగతికి వద్దాం. "దేశ భద్రత విషయం, చెప్పం" అంటారు. సమాచార హక్కు కింద అడుగుదామంటే ఇంటెలిజెన్స్ బ్యూరో, రక్షణ పరిశోధన సంస్థ లాంటివి ఆ చట్టం 24వ సెక్షన్ కింద మినహాయింపులో ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప ఆ తలుపు తెరుచుకోదు.

కారణం చెబితే దేశం కూలిపోతుందా? అమెరికాలో 1953లో గ్రీన్ అనే ఇంజినీరుకు క్లియరెన్స్ తీసేశారు. ఆయన మాజీ భార్యకు కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయన్నది కూడా అందులో ఒక అభియోగం. సాక్షులెవరో చెప్పకుండా మనిషి బతుకుతెరువు తీసేయడానికి అధికారం ఎవరిచ్చారని 1959లో అక్కడి సుప్రీంకోర్టు నిలదీసింది. మరుసటి ఏడాదే కొత్త పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి కంపెనీల్లో పనిచేసేవాళ్లకు క్లియరెన్స్ నిరాకరించే ముందు కారణాలు కాగితం మీద రాసిస్తారు. జవాబు చెప్పుకోవచ్చు, విచారణ అడగొచ్చు, అప్పీలుకు పోవచ్చు. తీర్పుల్ని పేర్లు తీసేసి అందరూ చదివేలా పెడతారు. ఇంత చేసినా వాళ్ల రహస్యాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా!

మన దేశంలోనూ ఈ మాట కొత్త కాదు. 1983లో మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ణి, పూర్వం ఫలానా సంస్థల్లో తిరిగాడన్న పోలీసు నివేదిక చూసి కొలువులోంచి తీసేస్తే, మన తెలుగువారైన జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి ఆ పద్ధతిని గట్టిగా మందలించారు. 2023 ఏప్రిల్ 5న మలయాళ టీవీ ఛానల్ మీడియావన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. సెక్యూరిటీ క్లియరెన్స్ నిరాకరించి, కారణాన్ని సీల్డు కవర్లో కోర్టుకు మాత్రమే చూపించడం న్యాయం కాదని, దేశ భద్రత అన్న మాట ఒక్కటే చాలదని. పెద్ద లాయర్లను పెట్టుకోగలిగిన ఛానల్‌కు దక్కిన ఆ న్యాయం, వినాయక్‌నగర్ అమ్మాయికి లాయరు లేకుండానే దక్కాలి. గూఢచారుల పేర్లు చెప్పమని మేం అడగం. "మీ అన్న పౌరసత్వం గురించి సందేహం ఉంది, ఈ వివరాలు ఇవ్వండి" అని రెండు లైన్లు రాయమంటున్నాం.

ఇంకొక్క మాట. ఈ జిల్లా పిల్లలు విదేశాలకు ఎందుకు పోయారో కూడా ఆ ఫైలు చూసేవాళ్లు ఆలోచించాలి. నేను పుట్టింది బోధన్ శక్కర్‌నగర్‌లో. మా నాన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. చెరకు బండ్లు రోడ్డు పొడవునా నిలబడేవి. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికిచ్చారు. 2015 డిసెంబరులో తాళం పడింది. గల్ఫ్‌కు పోవడం అంతకు చాలా ముందే, డెబ్బైల నుంచే ఉంది, నేను కాదనను. కానీ ఫ్యాక్టరీ పోయాక చెరకు వేసే రైతు, జీతం తెచ్చే కార్మికుడు, ఇద్దరి పిల్లలకూ ఊళ్లో దారి తగ్గింది. ఇక్కడ పని చూపించలేక బయటికి పంపిన ఊరిని, బయట మనుషులున్నారని అనుమానించడం ఏం న్యాయం?

నా చిన్ననాటి నేస్తం బోధన్‌లోనే ఉంది. వాళ్ల నానమ్మ చెల్లెలు 1948 పోలీస్ యాక్షన్ తర్వాత భర్తతో కరాచీ వెళ్లిపోయింది. నా నేస్తం ఆమెను ఒక్కసారీ చూడలేదు. ఆమె కూతురు ఎలక్ట్రానిక్స్ చదివింది, మార్కులు మా అమ్మాయి కన్నా మంచివి. కానీ రక్షణ శాఖ ఉద్యోగాలకు దరఖాస్తే పెట్టలేదు. "మనకెందుకమ్మా, ఎలాగూ ఇవ్వరు" అన్నదట. అటెస్టేషన్ ఫారంలో నానమ్మ చెల్లెలి గురించి గడే లేదు! ఫారం అడగని చుట్టాన్ని కూడా భయం లెక్కపెట్టేసింది. నా కొడుకు అమెరికాలో ఉన్నందుకు మా ఇంట్లో ఒక ఏడాది పోయింది. ఎప్పుడూ చూడని ముసలావిడ కరాచీలో ఉన్నందుకు ఆ పిల్ల అడుగే వేయలేదు. ఏం చూస్తారో, ఏం చూడరో ముందే రాసిపెట్టి ఉంటే ఆ పిల్ల ధైర్యంగా ఫారం నింపేది. దేశానికి ఒక మంచి ఇంజినీరు దొరికేది. నియమాలు దాచిపెట్టడం వల్ల గూఢచారులు ఆగరు, ఇలాంటి పిల్లలే ఆగిపోతారు.

అందుకే నేను అడిగేవి ఇవి. విదేశీ బంధువుల విషయంలో ఏ సంగతులు తూస్తారో అందరికీ తెలిసేలా అచ్చు వేయండి. ఎంపికైన నాటి నుంచి ఆరు నెలల్లో తేల్చండి. కాదనేటట్టయితే ఎందుకో నాలుగు ముక్కలు రాసి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వండి. వలస పోవడం మామూలైన జిల్లాలకు వచ్చే విచారణాధికారులకు ఎన్నారైకీ, ఓసీఐకీ, విదేశీ పౌరుడికీ తేడా నేర్పించి పంపండి.

ఇళ్లలో ఉన్న మనకు కూడా పని ఉంది. పిల్లలు ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చోండి. బయటి దేశంలో ఉన్నవాళ్ల పేరు, పౌరసత్వం, చిరునామా, వెళ్లిన తేదీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, ఏ ఫారం వచ్చినా ఒకే మాట రాయగలుగుతారు. నింపిన ఫారానికి జిరాక్సు తీసి దాచండి. విచారణకు ఎవరైనా వస్తే ఉన్నది చెప్పండి, లేనిది కలపకండి. దాచమని సలహా ఇచ్చే చుట్టానికి చాయ్ ఇచ్చి పంపించండి, సలహా మాత్రం తీసుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, కొలువు ఆలస్యమైందని విదేశంలో ఉన్న బిడ్డ మీద నింద వేయకండి. ఆ నింద రెండు దేశాల ప్రభుత్వాలూ కలిసి చేయలేని పని చేస్తుంది, అన్నాచెల్లెళ్లను విడదీస్తుంది.

మీ ఇళ్లలో ఇలాంటి ఫారం వచ్చి ఉంటే ఏం రాశారు, ఎన్నాళ్లకు జవాబొచ్చింది? రాయండి. నలుగురి అనుభవం ఒకచోట చేరితే, రేపు ఏ ఎమ్మెల్యేనో ఎంపీనో ఇంటికి ఓటు అడగడానికి వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి మనకూ ఒక కాగితం ఉంటుంది.